చక్రం చప్పుడు వినే చిప్పులు: రైలు భద్రతలో సూక్ష్మ ఎలక్ట్రానిక్స్, సెన్సర్ల పరిశోధన

రాజ్‌కిశోర్ నగర్ (బిలాస్‌పూర్, ఛత్తీస్‌గఢ్): కోర్బా గనుల నుంచి బొగ్గు నింపుకొని బిలాస్‌పూర్ మీదుగా సాగే సరుకు రవాణా రైలును ఉదాహరణగా తీసుకుందాం. దానికి 59 వ్యాగన్లు ఉంటే, ఒక్కో వ్యాగనుకు నాలుగు ఇరుసులు, ఎనిమిది చక్రాలు, ఎనిమిది బేరింగుల చొప్పున మొత్తం 472 బేరింగులు ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి పాడై అతిగా వేడెక్కినా ఇరుసు కొస తెగిపోయి బండి పట్టాలు తప్పే ప్రమాదం ఉంది. 471 బాగుండి ఒక్కటి పాడైతే చాలు. ఆ ఒక్కదానిని బండి ఆగకుండానే, ప్రమాదానికి ముందే గుర్తించడం ఎలా అన్నదే రైల్వేలలో సెన్సర్ల పరిశోధనకు మూలమైన ప్రశ్న.

ఈ ప్రశ్న బిలాస్‌పూర్‌కు దూరపు విషయం కాదు. బిలాస్‌పూర్, రాయ్‌పూర్, నాగ్‌పూర్ డివిజన్లతో 2003 నుంచి పనిచేస్తున్న ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. గెవ్రా, దీప్కా, కుస్ముండా గనుల బొగ్గు ఈ పట్టాల మీదుగానే దేశంలోని విద్యుత్ కేంద్రాలకు చేరుతుంది. నాగ్‌పూర్-ఆసన్‌సోల్ ప్రధాన మార్గాన్ని 1891లో ప్రారంభించిన నాటి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేయే వాల్తేరునూ ఈ ప్రాంతాన్నీ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. ఉత్తరాంధ్ర నుంచి పట్టాల పనికి, వర్క్‌షాపు పనికి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు ఆ మార్గం పొడవునా ఉన్న రైల్వే కాలనీలలో తరాలుగా స్థిరపడ్డాయి.

చెవి, చేయి, సుత్తి

సెన్సర్లు రాకముందు ఈ పనిని మనిషి ఇంద్రియాలే చేశాయి. బండి స్టేషనులోకి వస్తున్నప్పుడు ఇరువైపులా నిలబడి చక్రాల చప్పుడు విని, వేలాడుతున్న భాగాలను, పొగను, నిప్పురవ్వలను కనిపెట్టడాన్ని రోలింగ్-ఇన్ పరీక్ష అంటారు. బండి ఆగాక ఇరుసు పెట్టెపై చేయి ఆనించి వేడి చూసేవారు. చక్రాన్ని సుత్తితో తట్టి, మోగే తీరును బట్టి పగులు ఉందో లేదో చెప్పేవారు. తరువాతి కాలంలో చేతి స్థానంలోకి పరారుణ థర్మామీటరు వచ్చింది. అయినా రోలింగ్-ఇన్ పరీక్ష నేటికీ రద్దు కాలేదు.

పాఠ్యపుస్తకాలలో ‘సంవేదకం’ అన్న మాట ఉంది. పనిచేసే చోట మాత్రం ఎవరి నోట విన్నా ‘సెన్సర్’ అనే మాటే. పేరు ఏదైనా దాని పని ఒక్కటే: వేడి, ఒత్తిడి, కంపనం, శబ్దం, అయస్కాంత క్షేత్రం వంటి భౌతిక మార్పును విద్యుత్ సంకేతంగా మార్చడం. ఆ సంకేతాన్ని అంకెలుగా మార్చి అర్థం చెప్పే పని ఎలక్ట్రానిక్స్‌ది. ఈ రెండూ ఒకే సిలికాన్ పలుకుపైకి చేరడమే గత అర్ధశతాబ్దపు పరిశోధన సాధించిన ముఖ్య ఫలితం.

సిలికాన్ యంత్రమైన వైనం

కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుదావేశం పుడుతుందని 1880లో ఫ్రాన్స్‌లో పియరీ క్యూరీ, జాక్ క్యూరీ సోదరులు కనుగొన్నారు. పట్టాల లోపలి పగుళ్లను వెతికే అల్ట్రాసోనిక్ పరికరాల ప్రోబ్‌లు నేటికీ ఈ సూత్రంపైనే పనిచేస్తున్నాయి. స్ఫటికం పంపిన తరంగం పగులును తాకి ముందుగానే వెనుదిరిగితే లోపం బయటపడుతుంది. 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ వేర్వేరుగా స్ట్రెయిన్ గేజ్‌ను రూపొందించారు. సాగినప్పుడు సన్నని తీగ నిరోధం మారడమే దాని ఆధారం. 1954లో బెల్ ల్యాబ్స్‌లో చార్లెస్ స్మిత్, సిలికాన్, జెర్మేనియంలలో ఈ మార్పు లోహాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుందని చూపించారు. ట్రాన్సిస్టరుకు పనికివచ్చే పదార్థమే ఒత్తిడిని కొలవడానికీ పనికివస్తుందని అప్పుడు తేలింది.

సిలికాన్‌ను విద్యుత్ పదార్థంగానే కాక యాంత్రిక పదార్థంగా కూడా చూడవచ్చని కర్ట్ పీటర్సన్ 1982లో ప్రచురించిన సమీక్షా వ్యాసం ఈ రంగానికి దారి చూపింది. ఉక్కుతో పోల్చదగిన దృఢత్వం ఉన్న ఏకస్ఫటిక సిలికాన్‌ను ఫొటోలితోగ్రఫీతో, రసాయనాలతో చెక్కి మీటలు, పొరలు, స్ప్రింగులు తయారు చేయవచ్చు. ఇలాంటి సూక్ష్మ విద్యుత్-యాంత్రిక వ్యవస్థలనే మెమ్స్ అంటున్నారు.

కార్ల ఎయిర్‌బ్యాగు కోసం అనలాగ్ డివైసెస్ సంస్థ 1990ల తొలినాళ్లలో తెచ్చిన త్వరణమాపకం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. దానిలో కదిలే ‘బరువు’ గ్రాములో దాదాపు కోటోవంతు. సన్నని సిలికాన్ స్ప్రింగులకు వేలాడే ఆ బరువుకు దువ్వెన పళ్ల వంటి వేళ్లు ఉంటాయి. వాటికి ఎదురుగా కదలని వేళ్లు, మధ్య సుమారు ఒక మైక్రాను ఖాళీ. తల వెంట్రుక మందం దానికి అనేక పదుల రెట్లు ఉంటుంది. వాహనం కుదుపుకు గురైతే వేళ్ల మధ్య దూరం మారుతుంది, దానితో విద్యుత్ ధారిత మారుతుంది. ఆ మార్పు ఎంత స్వల్పమంటే, సంకేతం పొడవైన తీగ గుండా ప్రయాణించాల్సి వస్తే మధ్యలోనే రొదలో కలిసిపోతుంది. కొలిచే ఎలక్ట్రానిక్స్‌ను అదే చిప్పుపై పక్కనే ఉంచడంలో సూక్ష్మీకరణ ప్రయోజనం ఇదే. పరికరం చిన్నదై చౌక కావడం దాని తరువాతి లాభం.

పట్టా చెప్పే మాట

చక్రం పూర్తి గుండ్రంగా లేకపోతే ఏమవుతుంది? బ్రేకు బిగుసుకుపోయి చక్రం తిరగకుండా పట్టాపై జారితే, రాసుకున్న చోట అది చదునుగా అరుగుతుంది. దీనినే ఫ్లాట్ టైర్ అంటారు. ఒక మీటరు వ్యాసం ఉన్న వ్యాగన్ చక్రం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో సాగుతుంటే సెకనుకు ఐదుసార్లకు పైగా తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ ఆ చదును భాగం పట్టాను సమ్మెటలా కొడుతుంది. ఇరుసు భారం 22.9 టన్నులైతే ఒక్కో చక్రంపై నిశ్చల భారం పదకొండు టన్నులకు పైగానే. దెబ్బ పడిన క్షణంలో పట్టా మోసేది అంతకు మించిన భారం.

ఈ దెబ్బను కొలిచే వీల్ ఇంపాక్ట్ లోడ్ డిటెక్టర్‌ను లక్నోలోని రైల్వే పరిశోధన, రూపకల్పన, ప్రమాణాల సంస్థ (ఆర్‌డీఎస్‌ఓ), ఐఐటీ కాన్పూర్ కలిసి అభివృద్ధి చేశాయి. పట్టా మధ్యభాగానికి అతికించిన స్ట్రెయిన్ గేజ్‌లు ప్రతి చక్రం కింద పట్టా వంగే తీరును నమోదు చేస్తాయి. చక్రం పూర్తి చుట్టు తిరిగేంత పొడవున గేజ్‌లు ఉండాలి. లేకుంటే చదును భాగం వాటి మధ్య ఖాళీలో తప్పించుకుపోతుంది.

వేడి బేరింగును పట్టుకునే తీరు వేరు. పట్టా పక్కనుంచే పరారుణ కిరణాలతో ఇరుసు పెట్టె ఉష్ణోగ్రతను కొలిచే యంత్రాలు ఉన్నాయి. కానీ బేరింగు వేడెక్కిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. లోపలి రోలరుపై పొక్కు లేచిన దశలోనే శబ్దం మారుతుంది. అందుకే పట్టా పక్కన మైక్రోఫోన్ల వరుసను ఉంచి, ఒక్కో బేరింగు శబ్దాన్ని విడదీసి విశ్లేషించే పద్ధతి వచ్చింది. సుత్తి పట్టుకున్న పరీక్షకుడి చెవి చేసిన పనే ఇది. తేడా ఏమిటంటే యంత్రం గత నెలలో అదే బేరింగు ఎలా వినిపించిందో కూడా గుర్తుంచుకుంటుంది. అందుకు ఆ వ్యాగను ఏదో తెలియాలి కనుక వ్యాగనుకు ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగు అవసరమైంది.

పట్టా విషయంలో ముఖ్య శత్రువు ఎండ. ఉక్కు ప్రతి డిగ్రీకి మీటరుకు సుమారు 11.5 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. అతుకు లేకుండా వెల్డింగ్ చేసిన పొడవాటి పట్టా సాగే వీలులేక, ఆ వ్యాకోచాన్ని లోపలి ఒత్తిడిగా దాచుకుంటుంది. ఒత్తిడి లేని స్థితికి మించి పట్టా 30 డిగ్రీలు వేడెక్కితే, మీటరుకు 60 కిలోల బరువున్న పట్టాలో సుమారు 55 టన్నుల సంపీడన బలం పుడుతుంది. కంకర పట్టు సడలిన చోట పట్టా పక్కకు వంకర తిరగవచ్చు. చలికాలపు రాత్రి ఇదే లెక్క తలకిందులై పట్టా తెగుతుంది. కీమన్, పెట్రోల్‌మన్ మండుటెండలో, తెల్లవారుజామున పట్టాల వెంట నడవడానికి కారణం ఇదే.

ఇక బండి ఎక్కడుందన్న ప్రశ్న. 1872లో విలియం రాబిన్సన్ రూపొందించిన ట్రాక్ సర్క్యూట్, పట్టాలనే తీగలుగా వాడుకున్న తొలితరం సెన్సర్. బండి ఇరుసు రెండు పట్టాలను కలపగానే విద్యుత్ ప్రవాహం దారి మళ్లి, సిగ్నల్ ఎర్రగా మారుతుంది. వానకు, బురదకు లొంగని ప్రత్యామ్నాయంగా యాక్సిల్ కౌంటర్ వచ్చింది. పట్టాకు ఒకవైపు తీగచుట్ట అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తే, మరోవైపు చుట్ట దానిని అందుకుంటుంది. చక్రం మధ్యగా వెళ్లిన ప్రతిసారీ క్షేత్రం మారుతుంది. సెక్షన్‌లోకి వెళ్లిన ఇరుసులెన్ని, బయటికి వచ్చినవెన్ని అన్న లెక్క సరిపోయేదాకా వెనుక బండికి దారి ఇవ్వరు.

కవచం: ఒక తెలుగు అధ్యాయం

1999 ఆగస్టు 2న పశ్చిమ బెంగాల్‌లోని గైసాల్ వద్ద రెండు ఎక్స్‌ప్రెస్‌లు ఢీకొని 280 మందికి పైగా మరణించారు. ఆ తరువాత కొంకణ్ రైల్వేలో బొజ్జి రాజారాం నేతృత్వంలో రూపొందిన ఢీకొనకుండా ఆపే పరికరం జీపీఎస్‌పై ప్రధానంగా ఆధారపడింది. ఈశాన్య సరిహద్దు రైల్వేలో దానిని అమర్చారు. అక్కడ ఎదురైన చిక్కు సెన్సర్ శాస్త్రంలో పాఠం వంటిది. పక్కపక్క పట్టాల మధ్య దూరం ఐదు మీటర్ల లోపే. సాధారణ జీపీఎస్ పొరపాటు దాదాపు అంతే. ఎదురుగా వస్తున్న బండి తన పట్టాపై ఉందా, పక్క పట్టాపై ఉందా అన్నది తేలకపోతే అనవసరంగా బ్రేకులు పడతాయి, లేదా పడవలసినప్పుడు పడవు.

తరువాత వచ్చిన ‘కవచ్’ వ్యవస్థ ఈ ప్రశ్నకు వేరే జవాబు ఎంచుకుంది. స్లీపర్లపై సుమారు కిలోమీటరుకు ఒకటి చొప్పున, సిగ్నళ్ల దగ్గర మరికొన్ని ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు అమర్చుతారు. ఇంజను కింద ఉన్న రీడరు వాటిని దాటినప్పుడల్లా ఏ పట్టాపై, ఎక్కడ ఉన్నదీ కచ్చితంగా తెలుస్తుంది. రెండు ట్యాగుల నడుమ చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించి దూరం అంచనా వేస్తుంది. ఈ లెక్కలో ఒక సున్నితమైన విషయం ఉంది. కొత్త విద్యుత్ ఇంజను చక్రం వ్యాసం 1092 మిల్లీమీటర్లు. అరిగి పనికిరాకుండా పోయే నాటికి 1016. అంటే చుట్టుకొలత 3.43 మీటర్ల నుంచి 3.19 మీటర్లకు తగ్గుతుంది. అరుగుదలను లెక్కలోకి తీసుకోకపోతే కిలోమీటరుకు 70 మీటర్ల తేడా వస్తుంది. సిగ్నల్‌కు ముందు ఆగడానికీ దాటిపోవడానికీ మధ్య తేడా ఒక్కోసారి అంతే. ప్రతి ట్యాగు దగ్గరా ఈ పొరపాటు సున్నాకు చేరి, లెక్క మళ్లీ మొదలవుతుంది.

ఈ వ్యవస్థ పుట్టి పెరిగింది దక్షిణ మధ్య రైల్వేలో. ప్రయాణికుల రైళ్లపై తొలి క్షేత్ర పరీక్షలు 2016 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. సరఫరాకు తొలుత ఆమోదం పొందిన మేధా సర్వో డ్రైవ్స్, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మైక్రోసిస్టమ్స్ మూడూ హైదరాబాద్ సంస్థలే. 2020 జులైలో దీనిని జాతీయ స్వయంచాలిత రైలు రక్షణ వ్యవస్థగా స్వీకరించారు. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లోని గుల్లగూడ-చిట్టిగడ్డ స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ప్రయాణిస్తున్న ఇంజనును, ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల దూరంలో కవచ్ తనంతట తానే ఆపింది. మెరుగుపరచిన 4.0 రూపానికి ఆర్‌డీఎస్‌ఓ 2024 జులైలో ఆమోదం తెలిపింది. సిగ్నల్ ఇంజనీర్లకు ఈ విద్యను బోధించే ఇరిసెట్ సంస్థ 1957 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది.

ప్రయోగశాలకూ పట్టాకూ మధ్య దూరం ఎంతో ప్రమాదాలే గుర్తుచేస్తాయి. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద ఒక ప్యాసింజరు రైలును వెనుక నుంచి మరొకటి ఢీకొనగా 14 మంది మరణించారు. 2025 నవంబరు 4న గెవ్రా నుంచి బిలాస్‌పూర్ వస్తున్న మెమూ రైలు లాల్‌ఖదాన్ సమీపంలో ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొంది. పది మందికి పైగా మరణించారు. మెమూ ఎర్ర సిగ్నల్ దాటినట్టు ప్రాథమికంగా కనిపిస్తోందని రైల్వే వర్గాలు అప్పట్లో తెలిపాయి. రెండు చోట్లా పట్టాపై బండి ఉన్న సంగతి పసిగట్టే పరికరాలకు కొరత లేదు. ఆ సమాచారాన్ని కదులుతున్న బండి బ్రేకు దాకా చేర్చే గొలుసు మాత్రం అక్కడ లేదు. సెన్సర్ల గురించిన చర్చల్లో ఈ చివరి మెట్టు తరచూ మరుగున పడుతుంది.

చిప్పు కన్నా పెట్టె కష్టం

దేశంలో మెమ్స్ పరిశోధన రక్షణ, అంతరిక్ష అవసరాల చేయూతతో పెరిగింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, ఐఐటీ బొంబాయి నానో ఎలక్ట్రానిక్స్ కేంద్రాలు, మొహాలీలోని సెమీకండక్టర్ లేబొరేటరీ ఇందులో ముఖ్యమైనవి. హైదరాబాద్‌లో 1967లో ఏ.ఎస్. రావు సారథ్యంలో ఏర్పడిన ఈసీఐఎల్, 1988 నాటి రీసెర్చ్ సెంటర్ ఇమారత్, గాలియం ఆర్సెనైడ్ చిప్పుల కేంద్రం గేటెక్, ఎలక్ట్రానిక్ పదార్థాలపై పనిచేసే సీ-మెట్ ప్రయోగశాల ఈ రంగానికి వేర్వేరు వైపుల నుంచి తోడ్పడుతున్నాయి. కేంద్రం 2021 డిసెంబరులో 76 వేల కోట్ల రూపాయల సెమీకండక్టర్ కార్యక్రమాన్ని ప్రకటించినప్పుడు దృష్టి అంతా అతి సూక్ష్మమైన ప్రాసెసర్లపై పడింది. నిజానికి సెన్సర్లకు అంత సన్నని గీతలు అక్కరలేదు. మొహాలీలో ఉన్న 180 నానోమీటర్ల స్థాయి సాంకేతికత చాలా రకాల సెన్సర్ ఎలక్ట్రానిక్స్‌కు సరిపోతుంది.

అసలు కష్టం చిప్పు చుట్టూ ఉండే పెట్టెది. బొగ్గు ధూళి, నెలల తరబడి వాన, వేసవిలో చేయి ఆనించలేనంత వేడెక్కే పట్టా, ప్రతి అతుకు దగ్గరా కుదుపు. వీటన్నిటినీ ఏళ్ల తరబడి తట్టుకుంటూనే, కొలవవలసిన కంపనాన్ని మాత్రం లోనికి రానిచ్చే పెట్టె కావాలి. చాలా సందర్భాల్లో చిప్పు కంటే దాని ప్యాకేజింగ్, పరీక్షల ఖర్చే ఎక్కువ. మరో ఇబ్బంది విద్యుత్తు. కొత్త తరం ప్రయాణికుల పెట్టెలకు కరెంటు సరఫరా ఉంటుంది కాబట్టి బేరింగు దగ్గరే కంపన, ఉష్ణోగ్రత సెన్సర్లు పెట్టవచ్చు. బొగ్గు వ్యాగనుకు కరెంటే లేదు. బ్యాటరీ పెడితే ఎన్నో వేల వ్యాగన్లను వెతికి వెతికి మార్చాలి. వ్యాగను కంపనం నుంచే కొద్దిపాటి విద్యుత్తును పుట్టించి, కొలిచి, సందేశం పంపి మళ్లీ నిద్రపోయే చిప్పులపై వివిధ దేశాల్లో పరిశోధనలు సాగుతున్నది ఇందుకే. అంతవరకు సరుకు బండికి పట్టా పక్క పరికరాలే దిక్కు.

సెన్సరే లేని సెన్సర్ ఒకటుంది. పట్టాల పక్కన భూమిలో ఉన్న ఆప్టికల్ ఫైబరులోకి లేజరు స్పందనను పంపితే, గాజులోని సహజ లోపాల నుంచి కొంత కాంతి వెనక్కి వస్తుంది. నేల కంపించిన చోట ఆ కాంతి తీరు మారుతుంది. ఏనుగుల గుంపు పట్టాలవైపు వస్తున్నదో లేదో ఈ విధంగా పసిగట్టే వ్యవస్థను ఈశాన్య సరిహద్దు రైల్వే అమలు చేస్తోంది. కోర్బా, రాయ్‌గఢ్ అడవుల మీదుగా పట్టాలు సాగే ఛత్తీస్‌గఢ్‌కు ఇది ఆసక్తి కలిగించే విషయమే.

తప్పుడు కేక

సెన్సర్ పొరబడితే ఏం జరుగుతుందన్నది ప్రచార పత్రాల్లో అరుదుగా కనిపించే ప్రశ్న. ఒక పరికరం వెయ్యి మంచి బేరింగులలో ఒకదానిని మాత్రమే పొరపాటున చెడ్డదని చెబుతుందనుకుందాం. వినడానికి అది ఎంతో నమ్మదగినదిగా తోస్తుంది. కానీ 472 బేరింగులున్న బండికి లెక్కగడితే, సగటున ప్రతి రెండు బళ్లకూ ఒక తప్పుడు హెచ్చరిక. రద్దీ మార్గంలో ఒక్క బొగ్గు బండి లూప్ లైనులోకి తప్పుకున్నా వెనుక వరుసగా బళ్లు నిలిచిపోతాయి. రెండు మూడు సార్లు ఏమీ దొరకకపోతే నాలుగోసారి వచ్చిన హెచ్చరికను సిబ్బంది తేలిగ్గా తీసుకోవడం మానవ సహజం. ఆ నాలుగోది నిజమై ఉండవచ్చు.

బండి పొడవు పెరిగే కొద్దీ ఈ లెక్క బిగుసుకుంటుంది. 2022 ఆగస్టు 15న ఆగ్నేయ మధ్య రైల్వే ఐదు బళ్లను కలిపి ‘సూపర్ వాసుకి’ పేరుతో కోర్బా నుంచి రాజ్‌నంద్‌గావ్ దాకా నడిపింది. 295 వ్యాగన్లు, ఆరు ఇంజన్లు, మూడున్నర కిలోమీటర్ల పొడవు, 27 వేల టన్నుల బొగ్గు. 267 కిలోమీటర్లు సాగడానికి 11 గంటల 20 నిమిషాలు పట్టింది. వెయ్యికి ఒక పొరపాటు చేసే పరికరం దాని 2,360 బేరింగులను విని ఉంటే రెండు కంటే ఎక్కువ తప్పుడు కేకలు పెట్టేది. హెచ్చరిక వచ్చిన బేరింగును చూడాలంటే మనిషి ఆ మూడున్నర కిలోమీటర్ల బండి వెంట కంకరపై నడిచి వెళ్లాలి. ఒక్క పరికరం మాటపై బండిని ఆపకుండా, వరుసగా రెండు మూడు చోట్ల అదే బేరింగు అదే తీరులో వినిపించాకే గట్టి హెచ్చరిక పంపడం, శబ్దాన్ని ఉష్ణోగ్రతతోనూ చక్రపు దెబ్బతోనూ సరిచూడడం వంటి పద్ధతులపై నేటి పరిశోధన కేంద్రీకృతమైంది. హెచ్చరిక తరువాత ఇరుసు పెట్టె దగ్గరికి వెళ్లి ఉష్ణోగ్రత కొలిచి, వ్యాగనును విడదీయాలో వద్దో నిర్ణయించేది మాత్రం ఇప్పటికీ క్యారేజి, వ్యాగన్ విభాగపు సిబ్బందే.